దారి చెప్పండి: గుల్‌మార్గ్‌కి చివరి 13 కిలోమీటర్లు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి వచ్చిన ఆడపడుచుల్ని సాగనంపాక, జనవరి ఆఖరి వారంలో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, అత్తగారు, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి. వాడికి స్కీయింగ్ (మంచు మీద జారే ఆట) అంటే పిచ్చి. శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లేనట కదా, క్యాబ్ మాట్లాడుకుంటే హోటల్ గుమ్మం దగ్గర దింపేస్తాడా? పైన తిరగడానికి ఆటోలుంటాయా? అత్తగారికి మోకాళ్ళ నొప్పులు.
– ఒక గృహిణి, రాజోలు

జవాబు: 50 కిలోమీటర్లే. మీరు కాకినాడ వెళ్ళిరావడం కన్నా దగ్గర. కానీ అమ్మా, అందులో చివరి 13 కిలోమీటర్ల సంగతి వేరు. తంగ్‌మార్గ్ అనే ఊరిదాకా మామూలు రోడ్డే. అక్కణ్ణుంచి అడవిలో మెలికలు తిరుగుతూ కొండెక్కాలి. మంచు పడిందంటే మామూలు కార్లని తంగ్‌మార్గ్‌లోనే ఆపేస్తారు. టైర్లకి గొలుసులు చుట్టిన బండో, నాలుగు చక్రాలకీ పట్టుండే జీపో మాట్లాడుకోవాలి.

ఇది నాకు ముందు తెలీదు. మా తమ్ముడి కుటుంబంతో వెళ్ళినప్పుడు, 'గుల్‌మార్గ్ దాకా' అని ఒప్పుకున్న డ్రైవరు మధ్యాహ్నం మూడింటికి తంగ్‌మార్గ్‌లో సూట్‌కేసులు దింపేసి 'ఇక్కడిదాకానే' అన్నాడు. డబ్బులు మాత్రం పైదాకా తీసుకున్నాడు. ఇంకో బండి దొరికేసరికి నాలుగున్నర. ముందు బండ్లు ఎక్కడికక్కడ ఆగిపోవడంతో ఆ 13 కిలోమీటర్లకీ గంటన్నర పట్టింది. వంపు తిరిగిన ప్రతిసారీ గొలుసులు గరగరమనడం, మా మరదలు ఆంజనేయ దండకం అందుకోవడం. పైకి చేరేసరికి చీకటి పడిపోయింది. మనకి ఎత్తంటే ఏటిగట్టే కదా, అందరికీ టెన్షనే. అందుకని తంగ్‌మార్గ్ మధ్యాహ్నం పన్నెండు లోపు దాటేయండి. మంచు పడితే బండి మార్చే ఖర్చు ఎవరిదో శ్రీనగర్‌లోనే తేల్చుకోండి.

శ్రీనగర్ దాకా వెళ్ళడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. విమానంలో అయితే మధురపూడి నుంచో హైదరాబాద్ నుంచో ఢిల్లీ మీదుగా వెళ్ళచ్చు. రైలైతే జమ్మూ దగ్గరి కట్రా దాకా వెళ్ళి, అక్కడ వందే భారత్ ఎక్కితే మూడు గంటల్లో శ్రీనగర్. ఈ లైను 2025 జూన్‌లో మొదలైంది. చీనాబ్ వంతెన మీద నదికి 359 మీటర్ల ఎత్తున వెళ్తుంది రైలు. కశ్మీరు కొండల్లోకి రైలొచ్చింది గానీ, కోటిపల్లి–నర్సాపురం లైను కోసం మన కోనసీమవాళ్ళం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం. సరే, ఆ గొడవ ఇక్కడెందుకు. జనవరిలో మంచుకి శ్రీనగర్ విమానాలు రద్దవుతుంటాయి కాబట్టి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. ఆ విమానాశ్రయంలో గేటు బయటే సామాను దింపించి తనిఖీ చేస్తారు, మూడు గంటల ముందే వెళ్ళాలి.

పైన ఆటోల్లేవు. చుట్టూ కొండలు, మధ్యలో పళ్ళెంలాంటి మైదానం, దాని చుట్టూ దూరదూరంగా హోటళ్ళు. ఇంతే ఊరు. నడవాలి, లేకపోతే గుర్రమో, మనిషి లాగే స్లెడ్జి బండో. బండి దిగగానే పదిమంది చుట్టుముట్టి 'గొండోలా (అంటే రోప్‌వే) చాలా దూరం' అంటారు. నిజానికి టాక్సీ స్టాండు నుంచి కిలోమీటరు లోపే. అయితే ఆ కిలోమీటరు మీ అత్తగారికి కష్టం. దాళ్వా నాట్లప్పుడు తడిసిన చేలగట్టు మీద నడిచినట్టుంటుంది, ఇంకా చెప్పాలంటే గట్టే నయం. ఆవిడకి స్లెడ్జి మాట్లాడండి, రేటు ఎక్కకముందే ఖాయం చేసుకోండి. హోటల్ మాత్రం గొండోలా దగ్గర్లోనే చూసుకోండి, వంద గజాలు తగ్గినా తగ్గినట్టే.

ఈ గొండోలాకి రెండు దశలు. మొదటి దశ కోంగ్‌దూరి దాకా, రెండోది అఫర్వత్ కొండ మీద సుమారు 3,950 మీటర్ల దాకా. టిక్కెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. హోటల్ కన్నా ముందు ఇవి చూడండి. అత్తగారిని మొదటి దశతో ఆపేయండి, పైన గాలి పలచన.

మీవాడికి అసలు రోప్‌వే ఎక్కే పనే లేదు. కొత్తవాళ్ళు నేర్చుకునే చిన్న వాలులు మైదానం పక్కనే ఉంటాయి. బూట్లు, స్కీలు, కర్రలు అద్దెకిస్తారు. బూటు మడమ దగ్గర కదలకుండా పట్టి ఉండాలి, అది చూసుకోండి. మొదటి రోజంతా ఆగడమే నేర్పుతారు: స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు ఎడంగా. మా మేనకోడలు పదకొండుసార్లు పడి, పన్నెండోసారి ఆగింది. ఆగాక వెనక్కి తిరిగి 'అత్తా చూశావా' అని అరిచి, మళ్ళీ పడింది. అఫర్వత్ పైనుంచి జారడం మాత్రం నేర్చినవాళ్ళకే. అక్కడ మంచు చరియలు విరిగి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఇంకో మాట. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. ఒక్కరిదైనా పోస్ట్‌పెయిడ్ చేయించుకుని వెళ్ళండి.

ప్రశ్న: మంచులోకి ఏం బట్టలు కొనాలి? వేలకి వేలు చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: కోటు, గమ్ బూట్లు కొనకండి, తంగ్‌మార్గ్‌లో అద్దెకి దొరుకుతాయి. తీసుకునేటప్పుడు బూటులో చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి. కొనాల్సినవి లోపల వేసుకునే థర్మల్స్, ఉన్ని సాక్సులు నాలుగు జతలు, నీరు పీల్చని చేతి తొడుగులు. ఊలు తొడుగులు వేసుకుని మంచు ముట్టుకుంటే పది నిమిషాల్లో పిండుకోవాలి. కొబ్బరినూనె సీసా ఇంట్లోనే వదిలేయండి. నేను తీసుకెళ్ళింది రాయైపోతే, వేడినీళ్ళ బకెట్లో ముంచి తలకి రాసుకోవాల్సి వచ్చింది.