ఢిల్లీ బండి ఎక్కేముందు

బిడ్డా,

ఎంపీగా గెలిచావని దండలు వేసిన వాళ్ళే రేపు పొద్దున్నుంచి నీ వాకిట్లో కాగితాలు పట్టుకొని నిలబడతారు. ఒకరికి పింఛను ఆగి ఉంటుంది, ఒకరికి పాసుబుక్కులో నాలుగు గుంటలు తక్కువ పడి ఉంటాయి. చాలావరకు ఎంపీ చేసే పనులు కావు. అయినా "అది నా పని కాదు" అనకు. తహసీల్దారుకు ఉత్తరం రాసి, ఒక కాపీ వాళ్ళ చేతికివ్వు.

ఒక ఎంపీ దగ్గర దరఖాస్తులు చూసేటప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. దస్తీలో మడిచి తెచ్చిన కాగితం, చెమటకు సిరా పాకి ఉంది. పిల్లలు రైలు పట్టాలు దాటి బడికి పోతున్నారు, కింద నుంచి దారి వేయించండని రాయించాడు. అది అచ్చంగా ఎంపీ పని. నేను పుస్తకంలో ఎక్కించకుండా పక్కన పెట్టాను. మూడు నెలలకు మళ్ళీ వచ్చి "సారు చదివిండా?" అని అడిగాడు. ఎంత వెతికినా కాగితం దొరకలేదు. ఆయన ఒక్క మాట అనలేదు, బయటికి పోయి మళ్ళీ రాయించుకొచ్చాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. అందుకే చెబుతున్నా, పుస్తకం నువ్వే చూసుకో, పీఏకు వదిలేయకు.

ఎంపీ నిధులంటావా, ఏడాదికి 5 కోట్లు. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి 71 లక్షలు. సిఫారసే నీది, పని చేయించేది కలెక్టరు. అందులో ఎస్సీ వాడలకు 15 శాతం, గూడేలకు, తండాలకు 7.5 శాతం ఇవ్వాలి. వాటిని చివరికి ఉంచకు.

సభలో ప్రశ్న అడగడం నేర్చుకో. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మంత్రి సభలో నోటితో జవాబిచ్చే నక్షత్రం గుర్తు ప్రశ్నలు రోజుకు 20 మాత్రమే, లాటరీలో రాకపోతే దిగులుపడకు. గుర్తు లేనివాటికి రాతపూర్వకంగా జవాబిస్తారు. ఎనుమాముల మార్కెట్లో పత్తి బండ్లు బారులు తీరినప్పుడు, కేంద్రం తరఫున పత్తి కొనే సీసీఐ కొనుగోళ్ళ మీద అడుగు, వచ్చిన జవాబును ఊళ్ళో చదివి వినిపించు.

ఓటమికీ సిద్ధంగా ఉండు. 1977లో, 1980లో హనుమకొండ నుంచి గెలిచిన పీవీ గారే 1984లో అక్కడ ఓడిపోయారు.

ముసలాయన రెండోసారి రాయించిన కాగితం నకలు ఇందులో పెడుతున్నాను. దారి ఇంకా పడలేదు. కాజీపేటలో బండి ఎక్కేటప్పుడు వెంట తీసుకెళ్ళు.