పార్కులో మూతపడ్డ స్విమ్మింగ్ పూల్‌ని పూడ్చేయాలా, బాగుచేయించాలా?

మీ టౌన్ పార్కులో పాడుబడ్డ స్విమ్మింగ్ పూల్ పూడ్చేసి షాపులు కడతామంటున్నారు, ఇలాంటివి మన గోదావరి డెల్టాలో ఎందుకు నిలబడలేదు, బాగుచేస్తే మళ్లీ పనికొస్తుందా అని కదా అడిగారు. పనికొస్తుంది, పూడ్చనివ్వకండి. మాదీ పశ్చిమ డెల్టాలో చిన్న టౌనే. మా పెద్దమావయ్య మున్సిపాలిటీ వాటర్ వర్క్స్‌లో పంపు ఆపరేటర్‌గా చేశారు, కాబట్టి మా పూల్ ఎలా నడిచిందో, ఎలా ఆగిందో నాకు దగ్గరగా తెలుసు.

మా దగ్గర పార్కు ముందు వచ్చింది, పూల్ చాలా ఏళ్ల తర్వాత. ఒక రైస్ మిల్లు వాళ్లు ఇచ్చిన స్థలంలో నిద్రగన్నేరు చెట్లు, దాతల పేర్లు చెక్కిన సిమెంటు బెంచీలు, గాంధీగారి బొమ్మ, ఓ మూల రేడియో గది ఉండేవి. 1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలైనా చాలా ఇళ్లలో సెట్లు ఉండేవి కావు, అందుకని పార్కులో స్తంభానికి మైకు కట్టి వినిపించేవారట. సాయంత్రం వార్తలకీ వ్యవసాయ కార్యక్రమానికీ చుట్టుపక్కల రైతులు కూడా వచ్చి పచ్చికలో కూర్చునేవారని నాన్నగారు చెప్పేవారు.

పూల్ కట్టించింది పిల్లలు కాలువలో పడి పోతున్నారని. మగపిల్లలు ఎండు కొబ్బరికాయలు రెండు జతకట్టుకుని కాలువలోనే ఈత నేర్చేసుకునేవాళ్లు, ఆడపిల్లలు మాత్రం రేవులో మెట్టు దిగితే చాలు కేకలు పడేవి. పూల్ వచ్చాక పొద్దున్నే ఓ గంట మాకు విడిగా ఇచ్చారు. మా స్కూల్ డ్రిల్లు టీచరుగారు గట్టు మీద నడుస్తూ వెదురుగడ ఒకటి నీళ్లకి ఆనించి పట్టుకునేవారు, దాన్ని వదలకుండా కాళ్లు కొట్టుకుంటూ వెళ్లాలి, మధ్యలో లంగాలోకి గాలి చేరి బుడగలా ఉబ్బిపోతుంటే ఒక చేత్తో అదిమి పట్టుకోవాలి. మా వీధిలో ఈత వచ్చిన ఆడవాళ్లందరూ ఆ గడ పట్టుకుని నేర్చుకున్నవాళ్లే. అందుకే పూల్ అంటే డబ్బు దండగ అని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను.

మరి ఎందుకు ఆగిపోయింది? జనం రాక కాదు, నీళ్ల దగ్గర. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టా బతుకంతా కాలువల లెక్క మీదే నడుస్తోంది. దాళ్వా, అంటే రెండో పంట, చేతికొచ్చే వేళకి, ఏప్రిల్‌లో, మా పశ్చిమ కాలువ మొదలయ్యే విజ్జేశ్వరం దగ్గర నీళ్లు కట్టేస్తారు, మళ్లీ సార్వాకి, అంటే తొలి పంటకి, జూన్‌లో వదులుతారు. ఆ మధ్యకాలమంతా ఊరు బతికేది ముందే నింపిపెట్టుకున్న మంచినీళ్ల చెరువు మీద. పిల్లలకి సెలవులు సరిగ్గా అప్పుడే. పాతికమీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు అనుకుంటే 3 లక్షల లీటర్లు. మనిషికి రోజుకి 100 లీటర్ల చొప్పున 3,000 మందికి ఒకరోజు నీళ్లు. మాది ఫిల్టరు లేని పూల్, నాలుగు రోజులకే నీళ్లు పచ్చబడేవి, మొత్తం వదిలేసి మళ్లీ నింపాల్సిందే. మే నెలలో చెరువు అడుగంటుతుంటే పూల్‌కి నీళ్లు ఎలా ఇవ్వమంటావమ్మా అనేవారు మావయ్య, ఆయన మాట న్యాయమే. బోరు వేస్తే ఉప్పునీళ్లు.

అలా వేసవి తర్వాత వేసవి ఖాళీగా ఉంచేశారు. మన నేలకి అదే పెద్ద దెబ్బ. వానాకాలంలో డెల్టాలో నాలుగడుగులు తవ్వితే ఊట వస్తుంది కదా, ఖాళీ తొట్టిని ఆ ఊట కిందనుంచి పైకి తోస్తుంది. పైన నీటి బరువు లేకపోతే అడుగు పగులుతుంది. మాదీ అలాగే నెర్రెలిచ్చింది, ఆ తర్వాత చెత్త పోశారు, గేటుకి తాళం పడింది.

ఇప్పుడు పరిస్థితి వేరు. ఇసుక ఫిల్టరూ పంపూ పెట్టి, క్లోరిన్ సరిగ్గా చూసుకుంటే అదే నీళ్లు తిరుగుతుంటాయి. ఎండాకాలంలో ఆవిరయ్యేది రోజుకి ఆరు మిల్లీమీటర్లనుకున్నా 250 చదరపు మీటర్ల పూల్‌లో 1,500 లీటర్లు, ఫిల్టరు కడగడానికి ఇంకొంచెం. మార్చిలో కాలువ పారుతుండగానే నింపేస్తే మే గడిచిపోతుంది. అడుగు బాగుందో లేదో చూడాలంటే నీళ్లు నింపి, మెట్టు మీద ఒక బకెట్ నీళ్లు పెట్టి, రెండింట్లో మట్టం గుర్తు పెట్టి మర్నాడు చూడండి. బకెట్‌లో కన్నా పూల్‌లో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే. రిపేరు చేయించేటప్పుడు ఊట ఒత్తిడి వదలడానికి అడుగున వాల్వు పెట్టించమని గట్టిగా అడగండి, వానాకాలంలో మాత్రం తొట్టి ఖాళీ చేయనివ్వకండి.

కౌన్సిల్‌లో తీర్మానం కాకముందే చేయాల్సిన పని ఇంకోటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద పార్కు స్థలం దానపత్రం, లేఅవుట్ కాపీలు అడగండి. పార్కుకని ఉంచిన జాగాని ప్రైవేటు ఆస్పత్రికి ఇవ్వడం కుదరదని 1991లో బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితాల్లో పార్కు కోసమనే రాసి ఉంటే వాటిని జతచేసి కమిషనర్‌కి అభ్యంతరం రాసివ్వండి, రసీదు తీసుకోవడం మర్చిపోకండి.