ఇరుకు బోర్డు మీద లావాటి అక్షరాలు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మా దుకాణం బోర్డు వెడల్పు ఆరడుగులకు మించదు. ఇంగ్లీషు పేరును ఇంపాక్ట్ ఫాంటులో వేయిస్తే నిండుగా వచ్చింది. ‘లక్ష్మీ స్టోర్స్’ అన్న తెలుగు పేరును కంప్యూటరులో పక్కల నుంచి నొక్కి అదే వెడల్పుకు తెస్తే మాత్రం అక్షరాలు వికారంగా కనిపిస్తున్నాయి. ఎందువల్ల? ఏ ఫాంటు వాడాలి?

జవాబు: నొక్కడమే కారణం. అక్షరాన్ని అడ్డంగా 60 శాతానికి కుదిస్తే నిలువు గీతల మందం కూడా అంతే తగ్గుతుంది, అడ్డగీతల మందం మాత్రం తగ్గదు. అందుకే అక్షరం పక్కల బక్కచిక్కి, పైనా కిందా బరువెక్కుతుంది. ఇంపాక్ట్ అలా నొక్కి చేసినది కాదు. షెఫీల్డ్‌లోని స్టీఫెన్‌సన్ బ్లేక్ అనే అచ్చక్షరాల సంస్థ 1965లో విడుదల చేసిన ఆ ఫాంటును జెఫ్రీ లీ మొదటి నుంచీ ఇరుకుగానే గీశారు. ఉన్న స్థలంలో వీలైనంత సిరా పట్టాలన్నది ఆయన ఉద్దేశం కాబట్టి, లోపలి ఖాళీలు సన్నగా, గుండ్రని అక్షరాల పక్కలు నిటారుగా ఉంటాయి.

అందులో తెలుగు అక్షరాలు లేవు. ఆ నిటారు పక్కలను మన లిపికి యథాతథంగా తేవడం కూడా తగదని నా అభిప్రాయం, ఎందుకంటే తెలుగు అక్షరాన్ని మనం వంపులను బట్టే గుర్తుపడతాం. ద, ధల మధ్య, డ, ఢల మధ్య తేడా అంతా కిందనున్న చిన్న గీతలోనే ఉంది; మందం మితిమీరితే అది పై వంపులో కలిసిపోతుంది. మీ పేరులోనే చూడండి: ‘క్ష్మీ’లో రెండు వత్తులు, పైన గుడిదీర్ఘం, ‘స్టోర్స్’లో ట వత్తు, స వత్తు. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే వరుసలో నిలుస్తాయి, తెలుగు కిందికి చోటడుగుతుంది. కనుక బోర్డు ఎత్తును ముందుగా ‘క్ష్మీ’తో కొలిపించి, ఆ తరువాతే వెడల్పు సంగతి చూడండి.

ఫాంట్లు తయారుచేసే ఏక్ టైప్ వారి ‘అనేక్ తెలుగు’ మీకు సరిపోతుంది. దానిలో లావుతో పాటు వెడల్పును కూడా 75 నుంచి 125 వరకు (100 అంటే మామూలు వెడల్పు) మార్చుకోవచ్చు, ఇరుకు రూపంలోనూ గీతల మందం చెడదు. వెడల్పు 75, లావు 700 ఉంచండి. గరిష్ఠమైన 800 జోలికి పోతే వత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోవచ్చు. ఫాంటు ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. మన డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉన్న అక్షర సంకేతాల పద్ధతి) పాటించని ‘అను’ అనే ఫాంట్లు వాడేవారున్నారు కనుక, పేరును టైపు చేసి పంపకుండా, అక్షరాలను కర్వులుగా, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మగా, మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి.

ప్రశ్న: విజయవాడ ఏలూరు రోడ్డు మీద కట్టే ఫ్లెక్సీకి అక్షరం ఎంత ఎత్తు ఉండాలి?

జవాబు: ప్రతి పది అడుగుల దూరానికి ఒక అంగుళం అన్నది బోర్డుల పనిలో వాడుకలో ఉన్న లెక్క, అంటే వంద అడుగుల నుంచి చదవాలంటే పది అంగుళాలు. అది ఇంగ్లీషు పెద్దక్షరాలకు కట్టిన లెక్క కాబట్టి తెలుగులో వత్తులను, గుడులను వదిలి, అసలు అక్షరం ఎత్తునే పది అంగుళాలుగా తీసుకోండి. ఇరుకు ఫాంటయితే మరికొంత పెంచి, అక్షరాల మధ్య ఎడం కూడా కాస్త ఎక్కువ ఉంచండి.