గాలిమరలు పాతితే సముద్రం అడుగు ఏమవుతుంది?

భావనపాడు ఎదురుగా సముద్రంలో గాలిమరలు పెడితే అడుగున జీవం పోతుందా, చేపలు పెరుగుతాయా అని అడిగారు. రెండూ జరుగుతాయండి. పోయేవి వేరు, వచ్చేవి వేరు.

ఇసుక నేలలో 6-8 మీటర్ల వ్యాసమున్న ఉక్కు స్తంభం దిగితే నీరు దాని చుట్టూ సుడి తిరిగి ఇసుకను తవ్వేస్తుంది. గొయ్యి పడకుండా చుట్టూ రాళ్లు పరుస్తారు. ఆ రాళ్ల కిందికి పోయిన ఇసుక పురుగులు, గుల్లలు ఇక లేనట్టే. రాళ్లకు, ఉక్కుకు ఆల్చిప్పలు పట్టేస్తాయి, వాటిని తినడానికి పీతలు, చేపలు చేరతాయి. కానీ చేరడం వేరు, పెరగడం వేరు. ఆల్చిప్పల మలం, రాలిన చిప్పలు కింద పడి చుట్టుపక్కల ఇసుక సన్నబడుతుంది. బెల్జియం తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న థార్న్‌టన్ బ్యాంక్ గాలిమరల దగ్గర ఈ మార్పు ముఖ్యంగా పునాదికి 50 మీటర్ల లోపే కనిపించింది.

మన దగ్గర అసలు చిక్కు వంశధార, నాగావళి వరదలు. వరద ఒండ్రు కూడా ఇసుకను సన్నబరుస్తుంది. అందుకే స్తంభాలు దిగకముందే కనీసం రెండేళ్లు, ఏటా అదే నెలల్లో అడుగు ఇసుక నమూనాలు తీయాలి. స్తంభాలకు దూరంగా, అదే లోతు, అదే నేల ఉన్నచోట కూడా తీయాలి. లేకపోతే వరద చేసిన మార్పును గాలిమర ఖాతాలో వేస్తారు, లేదా గాలిమర చేసినదాన్ని వరద మీదికి నెట్టేస్తారు.

నమూనాకు గ్రాబ్ వాడతారు, అంటే అడుగు ఇసుకను రెండు దవడలతో పట్టి పైకి తెచ్చే పరికరం. అది ఒక్కసారికి 0.1 చదరపు మీటరు నేలను పడుతుంది, ఒక్కోచోట మూడుసార్లు వేస్తారు. దవడల మధ్య చిన్న చిప్ప ఇరుక్కున్నా, పైకి లాగేటప్పుడు నీటితోపాటు మెత్తటి మట్టి జారిపోతుంది. అలా వచ్చినదాన్ని, ఇసుకలో 5 సెంటీమీటర్లయినా దిగనిదాన్ని పారేసి మళ్లీ వేయాలి. 0.5 మిల్లీమీటర్ల జల్లెడ మీద నీళ్లు నెమ్మదిగా పోయాలి. జోరుగా కొడితే పురుగులు తెగిపోతాయి, తర్వాత లెక్క తేలదు. మిగిలినదాన్ని కుళ్లకుండా 10 శాతం ఫార్మలిన్‌లో ఉంచి, రోజ్ బెంగాల్ రంగు కలిపితే జీవులు గులాబీ రంగులో విడిగా కనిపిస్తాయి.

గాలిమర కరెంటును మోసే కేబుల్‌ను 1-2 మీటర్ల లోతున పూడ్చినా అయస్కాంత క్షేత్రం ఆగదు, దూరం వల్ల తగ్గుతుందంతే. టేకు చేపలు, సొర చేపలు దాన్ని పసిగడతాయి. స్తంభాలు దిగగొట్టే చప్పుడు ఇంకా ఘోరం. గాలి బుడగల తెర దాన్ని తగ్గిస్తుంది గానీ, తాబేళ్లు గుడ్లకు ఒడ్డుకొచ్చే నెలల్లో ఆ పనే పెట్టకూడదు.

సర్వే పడవ వస్తే రెండు అడగండి: ఏ నెలల్లో తీస్తున్నారు, పోల్చడానికి దూరపు చోటు ఎక్కడ ఎంచుకున్నారు.