సీసం గుళ్ల ప్రాక్టికల్ గురించి చిన్నాకు

చిన్నా,

సీసం విశిష్టోష్ణం, అంటే ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి, కనుక్కునే ప్రాక్టికల్‌లో నీకు విలువ ఎప్పుడూ తేడాగానే వస్తోందని మీ అమ్మ చెప్పింది. లెక్కలు మళ్లీ మళ్లీ చేసి టెన్షన్ పడకు, ముందు కెలోరీమీటర్‌లో, అదే వేడి కొలిచే గిన్నెలో, నీళ్లు ఎన్ని పోస్తున్నావో చూడు. నూరు గ్రాముల సీసం గుళ్లను 98 డిగ్రీలకు వేడి చేసి 28 డిగ్రీల నీళ్లు నూరు గ్రాముల్లో వేస్తే పెరిగేది రెండు డిగ్రీలే, ఎందుకంటే ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కాలంటే సీసానికి 0.13 జౌల్స్ చాలు, నీటికి 4.18 కావాలి. ఆ రెండు డిగ్రీల్లో రీడింగ్ అర డిగ్రీ తప్పిందంటే జవాబులో నాలుగో వంతు పోయినట్టే. అదే 200 గ్రాముల గుళ్లు, గుళ్లు మునిగేలా 50 గ్రాముల నీళ్లు తీసుకుంటే ఏడు డిగ్రీల దాకా పెరుగుతుంది.

తర్వాత తడి. గుళ్లను మరిగే నీళ్లలో నేరుగా వేయొద్దు, గొట్టంలో పొడిగా ఉంచి చుట్టూ ఆవిరి తగిలేలా చూడు. ఒక్క గ్రాము వేడినీళ్లు అంటుకుని వచ్చినా దాదాపు 260 జౌల్స్ అదనంగా వచ్చి పడతాయి, గుళ్లన్నీ కలిసి ఇచ్చేదే 1640! ఇంకోటి, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, కాబట్టి అలవాటుగా 100 అని రాసేయకు. గుళ్ల మధ్య పెట్టిన థర్మామీటర్ కదలకుండా కాసేపు నిలబడ్డాక అది ఎంత చూపిస్తే అంతే.

గుళ్లు వేసేటప్పుడు కెలోరీమీటర్ పక్కనే ఉండాలి. ఒక్కసారిగా, నీళ్లు చిందకుండా జారవిడిచి, మూత పెట్టి మెల్లగా కలుపుతూ పాదరసం మీదే కన్ను వెయ్యి, అది ఎక్కి ఆగిన చోటే నీ రీడింగ్. నీళ్లను గది వేడి కంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువలో మొదలుపెడితే ముందు లోపలికి వచ్చిన వేడి, తర్వాత బయటికి పోయిన వేడి చాలావరకు సరిపోతాయి. వేడి మీద ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త రంఫర్డ్ చూపిన ఉపాయం ఇది, నాకు చాలా ఇష్టం. కానీ గిన్నె బయట చెమ్మ పట్టేంత చల్లగా వద్దు, విశాఖ లాంటి ఊళ్లలో అది తొందరగా పడుతుంది.

పుస్తకంలోని విలువ కోసం అంకెలు మాత్రం దిద్దకు. 0.15 వస్తే అదే రాసి, వేడి ఎక్కడ కలిసిందో వైవాలో చెప్పు, అది తెలిసినవాడికే ప్రయోగం వచ్చినట్టు.

గుళ్ల బరువు ముందే తూచక్కర్లేదు. అంతా అయ్యాక థర్మామీటర్‌కు అంటిన చుక్కను గిన్నెలోకే రాల్చి కెలోరీమీటర్‌ను మళ్లీ తూచు, నీళ్లతో తూచిన బరువు తీసేస్తే మిగిలేది అదే.

మీ పెదనాన్న