పాప రక్తంలో సీ8 ఎక్కువట... పరగడుపున పరీక్షకు తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. మేనరికం. పెద్ద బాబు ఏడాదిన్నర వయసులో రెండు రోజులు వాంతులై, మత్తులోకి జారి చనిపోయాడు. కారణం తెలియలేదు. ఇప్పుడు పాపకు 12 రోజులు. మడమ నుంచి తీసిన రక్తపు చుక్కల పరీక్షలో ‘సీ8 ఎక్కువ, మళ్లీ చేయించండి’ అని వచ్చింది. పాలు బాగానే తాగుతోంది. ఓ వారం ఆగి పరగడుపున తీసుకెళ్లొచ్చా?

జవాబు: వద్దమ్మా. వారం ఆగొద్దు, పరగడుపున అసలే వద్దు. రేపే, కడుపునిండా పాలిచ్చి తీసుకెళ్లండి. ఈ పాపకు ఆకలే ప్రమాదం కావచ్చు.

తిండి అందనప్పుడు శరీరం కొవ్వును కరిగించి శక్తి తెచ్చుకుంటుంది. కణాల్లోని ఎంజైములు కొవ్వు ఆమ్లాల గొలుసును రెండేసి కార్బన్ల చొప్పున తుంచుతాయి. ఏదైనా ఎంజైము పనిచేయకపోతే, తెగని ముక్క కార్నిటిన్ అనే పదార్థానికి అంటుకుని రక్తంలోకి వస్తుంది. ఈ పరీక్షలో కొలిచేది దాన్నే. సీ8 అంటే ఎనిమిది కార్బన్ల ముక్క. అది పెరిగితే ముందుగా అనుమానించేది ఎంక్యాడ్ (మధ్యస్థ పొడవు గొలుసులను తుంచే ఎంజైము) లోపాన్ని. అయితే ఒక్క పరీక్షతో తేల్చరు. ఎసైల్‌కార్నిటిన్లు (కార్నిటిన్‌కు అంటుకున్న ఆ ముక్కలు) మళ్లీ చూస్తారు, మూత్రంలో ఆర్గానిక్ ఆసిడ్లు, ఈ ఎంజైమును తయారుచేయించే ఏసీఏడీఎం జన్యువు పరీక్షిస్తారు.

బాబు సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఇదే కారణమని ఇప్పుడే అనలేం, కానీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. లోపమున్న జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇందులో మీ తప్పేమీ లేదు.

తల్లిపాలు ఆపకండి. రాత్రయినా రెండు మూడు గంటలకోసారి లేపి పట్టండి. బలానికని ఎవరు చెప్పినా కొబ్బరినూనె, ఎంసీటీ నూనె వద్దు. వాటిలో ఎక్కువగా ఉన్నది ఈ ఎంజైము తుంచాల్సిన మధ్యస్థ గొలుసుల కొవ్వే.

జ్వరమో వాంతులో వస్తే మన పెద్దవాళ్లు ‘లంఖణం పరమౌషధం’ అంటారు. ఈ లోపమున్న బిడ్డకు అది ప్రాణాంతకం. పాలు పట్టకపోయినా, మత్తుగా ఉన్నా గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. గ్లూకోజ్ ఎక్కించాలి. షుగర్ బాగుందని ఆగొద్దు, అది పడిపోకముందే మత్తు రావచ్చు. మూత్రంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే పదార్థాలు) లేవన్నా ధీమా పడొద్దు, ఈ లోపంలో అవి సరిగా తయారే కావు.

రిపోర్టు శ్రీకాకుళం రిమ్స్‌లో పిల్లల డాక్టరుకు చూపించండి, అవసరమైతే విశాఖ పంపుతారు. ‘ఒంట్లో బాగోకపోతే వెంటనే గ్లూకోజ్ సెలైన్’ అని చీటీ రాయించుకుని ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకోండి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ఈ జబ్బు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు.