న్యూట్రాన్ చెదురుతుందా, చెదరగొడుతుందా?

సందేహం: అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. కాలేజీ పత్రికకు రాసిన వ్యాసంలో "న్యూట్రాన్లు లోహ-కర్బన అయస్కాంతాన్ని చెదరగొట్టి, అందులోని అయస్కాంత ఉద్రేకాలను బయటపెడతాయి" అన్నాను. మా సార్ వాక్యం తప్పన్నారు. 'న్యూట్రాన్ పరిక్షేపణం' (స్కాటరింగ్) అంటే న్యూట్రాన్ చేసే పనే కదా?

సమాధానం: మీ సార్ చెప్పిందే సరైనది. 'చెదురు' అకర్మకం, 'చెదరగొట్టు' సకర్మకం. జనం చెదురుతారు, పోలీసులు జనాన్ని చెదరగొడతారు. మీ ప్రయోగంలో చెదిరేవి న్యూట్రాన్లు. నమూనా చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. 'వరికోత'లో వరి కోసేది కాదు, వరిని కోస్తారు. 'న్యూట్రాన్ పరిక్షేపణం' కూడా అలాంటి సమాసమే.

మీరు రాసేది చాలా అందమైన ప్రయోగం, క్రియ తారుమారైతే అర్థమే తలకిందులవుతుంది. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు కాబట్టి పదార్థం లోతుల్లోకి పోగలదు. అయినా అది తానే ఒక చిన్న అయస్కాంతం. లోపల కర్బన అణువులు కలిపి ఉంచిన రాగి, మాంగనీసు వంటి అయాన్ల అయస్కాంతత్వం దానికి తగులుతుంది. అక్కడ ఒక ఉత్తేజాన్ని పుట్టించి, ఆ మేరకు తన శక్తిని పోగొట్టుకుని, దారి మళ్లి బయటికొస్తుంది. ఎంత శక్తి తగ్గిందో, ఎంత మళ్లిందో కొలిస్తే లోపలి సంగతి తెలుస్తుంది. ఈ శక్తి తేడాను కొలిచే పద్ధతిని కెనడాలో అభివృద్ధి చేసిన భౌతిక శాస్త్రవేత్త బ్రాక్‌హౌస్ 1994లో నోబెల్ పంచుకున్నారు. మన దేశంలో ముంబై ట్రాంబేలోని ధ్రువ అణు రియాక్టర్ దగ్గర ఇలాంటి ప్రయోగాలు చేస్తున్నారు.

ఇక 'ఉద్రేకం' వద్దు. అది మనుషులకు వచ్చేది. పాఠ్యపుస్తకాల్లో 'ఉత్తేజిత స్థితి' ఉండనే ఉంది, 'అయస్కాంత ఉత్తేజం' అనండి. సంధి చేసి 'అయస్కాంతోత్తేజం' అన్నా తప్పు లేదు గానీ, విడిగా రాస్తేనే చదవడానికి సుఖం. ఈ ఉత్తేజం ఎలా ఉంటుందంటే, కొర్రచేను మీద గాలి వీస్తే కంకులు వరసగా వంగుతాయి. మొక్క ఉన్నచోటే ఉంటుంది, వంపు సాగిపోతుంది. అయాన్ల స్పిన్‌ల (వాటిలోని బుల్లి అయస్కాంతాల) వాలు కూడా అలాగే అలలా సాగుతుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: "లోహ-కర్బన అయస్కాంతం మీద పడిన న్యూట్రాన్లు చెదురుతాయి. వాటి శక్తిలో వచ్చిన మార్పును కొలిచి, అందులోని అయస్కాంత ఉత్తేజాలను తెలుసుకుంటారు."

'చెదరగొట్టు' మీద మీకు మక్కువ ఉంటే దానికీ చోటుంది. కర్బన అణువుల్లోని హైడ్రోజన్ న్యూట్రాన్లను నలుదిక్కులకూ చెదరగొట్టి, అసలు సంకేతాన్ని మరుగున పడేస్తుంది. అందుకే చాలాసార్లు దాని బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టి నమూనా తయారుచేస్తారు. అక్కడ ఆ క్రియను నిస్సంకోచంగా వాడుకోండి.